డిస్కు నిర్దోషి

డిస్కు చెడిపోవడం నేరం కాదు. చెడిపోవడం దాని స్వభావం. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం మీద, వెంట్రుక మందంతో పోలిస్తే లెక్కలోకి రానంత ఎడంలో హెడ్ ఎగురుతూ, రాత్రనక పగలనక ఏళ్ల తరబడి పనిచేసే వస్తువు అది. ఏదో ఒక రోజు ఆగిపోతుంది. కంపెనీల కాగితాల ప్రకారం ఏడాదికి నూటికి ఒక డిస్కు కూడా పోకూడదు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు లక్ష డిస్కుల చరిత్ర తిరగేస్తే, ఏటా నూటికి రెండు నుంచి నాలుగు, కొన్నిచోట్ల పదమూడు దాకా మార్చాల్సి వస్తోందని తేలింది. ఈ సంగతి సర్వర్ గది తాళం చేతిలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. కాబట్టి ‘డిస్కు పోయింది, రికార్డులు పోయాయి’ అని ఏ అధికారి అయినా ప్రకటన ఇస్తే, అందులో మొదటి సగం మాత్రమే ప్రమాదం. రెండో సగం మనుషులు చేసిన పని. ఆ మనుషులకు పేర్లుంటాయి, హోదాలుంటాయి, ఫైళ్ల మీద సంతకాలుంటాయి. విచారణ అక్కడ మొదలు కావాలి.

ఈ మాట గాలిలోంచి అనడం లేదు. విచారణ సక్రమంగా జరిగి, ఫలితం జనం ముందుకు వచ్చిన కేసు ఒకటి ఉంది. 2016 డిసెంబర్ 12న ఆస్ట్రేలియా పన్నుల శాఖ కంప్యూటర్ వ్యవస్థ కుప్పకూలింది. సిడ్నీలోని డేటా కేంద్రంలో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ కంపెనీ సరఫరా చేసిన 3పార్ అనే స్టోరేజ్ పెట్టె అది. అందులో సుమారు 800 డిస్కులు. చెడిపోయినవి పన్నెండు. పన్నెండే! కానీ వేగం కోసం ప్రతి సమాచారాన్నీ ముక్కలు చేసి డిస్కులన్నిటి మీదా పరిచే పద్ధతిలో దాన్ని అమర్చారు. ఆ పన్నెండింటి మీద ఉన్న ముక్కలు అందకపోయేసరికి దేశం మొత్తానికీ పన్ను లెక్కలు చూసే వ్యవస్థలు చాలామటుకు నిలిచిపోయాయి. ఒక పెటాబైట్, అంటే పది లక్షల గిగాబైట్ల సమాచారం ఆ పెట్టెలో ఉంది.

తర్వాతి ఏడాది జూన్‌లో ఆ శాఖ తన తప్పుల పట్టీని తానే ప్రచురించింది. అది చదివితే ఒళ్లు మండుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన సామెత. ఇక్కడ కుక్కలు ఆరు నెలల ముందునుంచే మొరిగాయి. 2016 మే నుంచి నవంబర్ దాకా నిఘా పరికరాల్లో 159 హెచ్చరికలు నమోదయ్యాయి. కొన్ని ఫైబర్ తీగలు మార్చి, పనైపోయిందనుకున్నారు. స్టోరేజ్ మొత్తం పడిపోతే ఏ అప్లికేషన్‌ను ఏ వరుసలో లేపాలో ఎవరూ రాసిపెట్టుకోలేదు, ఒక్కసారి కూడా చేసి చూడలేదు. ఇక అన్నిటికన్నా ఘోరం: వ్యవస్థను తిరిగి నిలబెట్టడానికి కావలసిన సాధనాలు కూడా ఆ పడిపోయిన పెట్టెలోనే ఉన్నాయి. తాళంచెవి లోపల పడేసి పెట్టెకు తాళం వేయడమంటే ఇదే. ఇంత జరిగాక, 2017 ఫిబ్రవరి 2న అదే తీగలు మారుస్తుంటే కార్డులు కదిలి వ్యవస్థ మళ్లీ పడిపోయింది.

పన్ను చెల్లించేవారి సమాచారం చివరికి దక్కింది. అది వాళ్ల అదృష్టమనే అనాలి.

ఇక్కడ రైడ్ అనే మాట గురించి కాస్త ఆగి చెప్పాలి. మన ఆఫీసుల్లో జరుగుతున్న సగం మోసం ఈ మాట చాటునే జరుగుతోంది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రంలో, కొన్ని డిస్కులను జట్టుగా వాడే ఈ పద్ధతిని ప్రతిపాదించారు. సూత్రం మన కిరాణాకొట్టు పద్దు లాంటిదే. ముగ్గురి బాకీలు 40, 25, 60 అని రాసి, కింద మొత్తం 125 అని వేశారనుకోండి. మధ్య అంకె మీద నీళ్లు పడి చెరిగిపోతే ఏం? 125లోంచి 40, 60 తీసేస్తే 25 దొరుకుతుంది. నాలుగు డిస్కుల్లో ఏ ఒక్కటి పోయినా మిగిలిన మూడింటి నుంచి పోయినదాన్ని లెక్కగట్టి రాబట్టడం అలాంటిదే. కానీ రెండు అంకెలు చెరిగితే? మొత్తం ఎంతో తెలిసీ లాభం లేదు. ఇంకో సంగతి. గుమాస్తా పొరపాటున 40 కొట్టేసి 4 అని రాస్తే, కింది మొత్తం కూడా బుద్ధిగా 89కి దిగిపోతుంది. పద్దుకు తప్పొప్పులు తెలియవు. రైడ్‌కూ తెలియవు. ఒక ఉద్యోగి ఫైలు చెరిపేస్తే అన్ని డిస్కుల్లోనూ అది సెకనులో చెరిగిపోతుంది. వైరస్ తాళం వేస్తే అన్నిటికీ పడుతుంది.

అంటే రైడ్ ఉన్నది పని ఆగకుండా ఉండటానికి. నకలు దాచడం దాని పని కాదు. ‘మాకు రైడ్ ఉంది సార్, బ్యాకప్ అక్కర్లేదు’ అనే మాట విననివాళ్లు కంప్యూటర్ వృత్తిలో అరుదు. ఆ మాట అన్నవాడిని ఆ కుర్చీలోంచి లేపడమే మంచిది.

పైగా ఒకటి పోయి మరొకటి పోయేలోపు తీరుబడి దొరుకుతుందన్న భరోసా కూడా ఉత్తదే. ఒకే రోజు ఒకే డబ్బాలోంచి తీసి బిగించిన డిస్కులు ఒకే ఈడువి, ఒకే జాతివి. 2019 నవంబర్‌లో ఇదే హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ ఒక హెచ్చరిక పంపింది: కొన్ని రకాల ఎస్‌ఎస్‌డీలలో ఫర్మ్‌వేర్ లోపం వల్ల అవి సరిగ్గా 32,768 గంటలు పనిచేయగానే, అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలకు, ఠక్కున చచ్చిపోతాయి, వాటిలో ఉన్నదీ పోతుంది అని. పదిహేను రెళ్లను వరసగా ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే అంకె అది. ఎవరో ప్రోగ్రామర్ లెక్కల డబ్బా అక్కడికే నిండింది. ఒకేసారి బిగించినవి ఒకేసారి పోతాయి కదా. అప్పుడు రైడ్ ఏ మూలకు? ఫర్మ్‌వేర్ కొత్తది వేసినవాళ్లు బతికారు, నోటీసు చదవనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఒకే కంపెనీ పేరు పదేపదే వస్తోంది కాబట్టి వేరే కంపెనీ పెట్టె కొంటే సరిపోతుందని కొనుగోలు కమిటీలు సంబరపడనక్కర్లేదు. ఆ కంపెనీ పెట్టెలు ప్రపంచమంతా ఉన్నాయి, దాని వైఫల్యాల మీద నివేదికలు బయటికి వచ్చాయి, అంతే. నివేదికలు రాని కంపెనీలూ ఉంటాయి.

పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి పద్దు తిరగరాయడాన్ని రీబిల్డ్ అంటారు. ఎనిమిది టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున నింపితే దాదాపు పదిహేను గంటలు పడుతుంది. అదీ వేరే పనేమీ లేనప్పుడు. పక్కన కౌంటర్లు నడుస్తుంటే రెండు మూడు రోజులు. ఆ గంటలన్నీ మిగిలిన ముసలి డిస్కులు మొదటి బ్లాకు నుంచి చివరి బ్లాకు దాకా ఆపకుండా చదవాలి. ఏళ్లుగా ఎవరూ ముట్టని మూలల్లోకీ వెళ్లాలి. రెండో డిస్కు ఎక్కువగా ప్రాణం విడిచేది ఆ రాత్రే.

ఇతరుల తప్పులు ఇంత గట్టిగా ఎంచేవాళ్లం ముందు మా గుమ్మం ఊడ్చుకోవాలి. కొన్నేళ్ల కిందట మా పత్రిక కార్యాలయంలోనే ఇది జరిగింది. పాత సంచికల పేజీలు, ఫొటోలు దాచిన నాలుగు డిస్కుల సర్వర్ మెట్ల కింద చిన్న గదిలో ఉండేది. మూడో స్లాట్ మీద ఆకుపచ్చ దీపం పోయి నారింజ దీపం వచ్చింది. పెట్టె కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. పక్క గదిలో ప్రూఫులు దిద్దేవారికి చిరాకేసి, ఎవరో వెళ్లి శబ్దం ఆపే బటన్ నొక్కారు. అంతటితో సమస్య తీరిపోయిందని అందరం అనుకున్నాం. పంతొమ్మిది రోజులు ఆ పెట్టె మూడు కాళ్ల మీద కుంటింది. ఇరవయ్యో రోజున రెండో డిస్కు పోయింది.

మరమ్మతు సంస్థ నుంచి వచ్చిన కుర్రాడు నాలుగు డిస్కులూ లాగి బల్ల మీద పరిచాడు. ఏది ఏ స్లాట్‌లోదో రాసుకోలేదు. తిరిగి తోచినట్టు దూర్చి ఆన్ చేస్తే ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ అని తెర మీద పడింది. డిస్కుల మీద రాసి ఉన్న పాత అమరికను తీసుకోమంటారా, తుడిచేయమంటారా అని కంట్రోలర్ అడుగుతోందన్నమాట. అతను తుడిచేయమని నొక్కాడు. ఆ కుర్రాడి మీద మాకిప్పుడు కోపం లేదు. పంతొమ్మిది రోజులు నిద్రపోయినవాళ్లం మేము.

చివరికి డిస్కులు హైదరాబాద్‌లోని ఒక రికవరీ ల్యాబ్‌కు చేరాయి. అక్కడి టెక్నీషియన్ డిస్కులు చేతిలోకి తీసుకోకముందే అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవుల్లో ఉంది.

“ముందు పోయింది ఏది సార్? తర్వాత పోయింది ఏది?”

మాలో ఒక్కరికీ తెలియదు. ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. ముందు పోయిన డిస్కులో పంతొమ్మిది రోజుల కిందటి లెక్క ఉంది. దాన్ని బలవంతంగా వరుసలో కూర్చోబెడితే పాత అంకె, కొత్త మొత్తం కలిసిపోయి, మిగిలిందీ చెడిపోతుంది. తర్వాత పోయినదాంట్లోంచి ఒక్క చదువు రాబట్టగలిగితే చాలు, పద్దు నిలబడుతుంది. ఆయన ప్రతి డిస్కుకూ టేపు ముక్క అంటించి స్కెచ్ పెన్నుతో నంబరు వేశాడు. అసలు డిస్కుల మీద ఒక్క అక్షరం రాయకుండా ఒక్కోదానికీ పూర్తి ఇమేజ్ తీశాడు. చదవలేని చోట్లు వదిలేసి ముందుకెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, ఓపిగ్గా. ఆ తర్వాతే నకళ్ల మీద కూర్చుని ఏది ఒకటోది, ఏది రెండోది, ఎంతెంత ముక్కలుగా పరిచారు అన్నది ఊహించి సరిచూశాడు. పేజీలు చాలామటుకు వచ్చాయి. రెండు నెలల ఫొటోలు రాలేదు. వాటిలో ఇప్పుడు లేని మనుషులున్నారు.

డిస్కు పోయిన తొలి గంటలో చేయాల్సిన పని నిజానికి ఏమీ చేయకపోవడమే. రీబిల్డ్ నొక్కకూడదు, ఇనీషియలైజ్ నొక్కకూడదు, పైల్వాన్‌లా డిస్కులు లాగకూడదు. కంట్రోలర్ లాగ్ దింపుకుని, పెట్టె ఆపి, స్లాట్లు రాసుకుని, తెలిసినవాడికి కబురు పెట్టాలి. కానీ పై అధికారి పక్కన నిలబడి ‘ఎంతసేపు?’ అని అడుగుతుంటే ఏ ఉద్యోగి చేతులు కట్టుకుని కూర్చోగలడు? ఏదో ఒకటి నొక్కుతాడు. నొక్కించినవారికి శిక్ష పడదు, నొక్కినవాడికి పడుతుంది.

బాధ్యత పైకి పాకే దారి ఎలా ఉంటుందో లండన్‌లోని కింగ్స్ కాలేజీ కేసు చూపిస్తుంది. 2016 అక్టోబర్ 17న అక్కడి స్టోరేజ్ కంట్రోలర్ ఒకటి చెడింది. ఇంజనీర్ భాగం మార్చాడు. తిరిగి ప్రాణం పోస్తుండగా ఫర్మ్‌వేర్ లోపం వల్ల వ్యవస్థ మొత్తం పడిపోయింది. అధ్యాపకుల, పరిశోధకుల ఉమ్మడి డ్రైవులు అందులో ఉన్నాయి. బ్యాకప్ తెరిస్తే కొంత భాగం లేదు. ఎందుకు లేదు? టేపుల్లో చోటు చాలక కొంత సమాచారాన్ని తెలిసే వదిలేశారు. ఆ వదిలేసిన సంగతి, దాని వల్ల రాగల నష్టం కాలేజీకి ఎవరూ చెప్పలేదు. బయటి సంస్థ చేసిన విచారణ ఈ మాటను దాచకుండా రాసింది. ఇదీ అసలు నేరం. చోటు చాలకపోవడం కాదు. చోటు చాలలేదని చెప్పకపోవడం. తన ఏళ్ల నాటి పరిశోధన భద్రంగా ఉందని నమ్మి ఇంటికెళ్లిన మనిషికి అది భద్రంగా లేదని తెలిసినవాడు అదే భవనంలో ఉన్నాడు.

దక్షిణ కొరియాది ఇంకో మెట్టు పైన. 2025 సెప్టెంబర్ 26న డేజన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వోద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. మరీ పెద్దది కాబట్టి బయట నకలు పెట్టలేదన్నారు! సాంకేతికతలో లోకానికి పాఠం చెప్పే దేశం అది.

ఇక మన దేశానికి వద్దాం. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో ఉదయం 11.40కి లావాదేవీలు నిలిచిపోయి, మధ్యాహ్నం 3.45కి గానీ మళ్లీ మొదలు కాలేదు. టెలికాం లింకులు తెగితే, వాటి దెబ్బకు క్లియరింగ్ విభాగపు స్టోరేజ్ అందుబాటులో లేకుండా పోయింది. విపత్తు వేళ వాడటానికి కోట్లు పోసి కట్టిన ప్రత్యామ్నాయ కేంద్రం ఉండీ, ఆ పూట దానికి మారలేదు. తర్వాత సెబీతో రాజీ కింద 70 కోట్ల రూపాయలకు పైగా కట్టి కేసు ముగించుకున్నారు. మారడానికే కట్టిన చోటికి మారడానికి భయపడ్డారంటే, మార్పు మీద వాళ్లకే నమ్మకం లేదన్నమాట. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు దుండగులు తాళం వేసినప్పుడు, ఆ దాడి అంటని ఒక బ్యాకప్ సర్వర్ ఉంది కాబట్టే ఈ-హాస్పిటల్ సమాచారం వెనక్కి వచ్చింది. ఆ ఒక్క పెట్టె లేకుంటే ఏమయ్యేదో రోగుల కేస్ షీట్లే చెప్పాలి.

చట్టం లేదనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. కంపెనీల ఖాతాల నిబంధనలకు 2022లో చేసిన సవరణతో కంపెనీలు తమ ఎలక్ట్రానిక్ ఖాతా పుస్తకాల నకలును రోజూ భారత్‌లోని సర్వర్‌లో భద్రపరచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మరో అడుగు ముందుకేసింది. సమాచారం దొంగల చేతికి పోవడమే కాదు, ప్రమాదవశాత్తు ధ్వంసమై అందకుండా పోవడం కూడా దాని నిర్వచనంలో ఉల్లంఘనే. తగిన జాగ్రత్తలు లేకుంటే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా. బాగానే ఉంది. కానీ రోజూ నకలు తీశారా అని అడిగే చట్టానికి, ఆ నకలు తెరిచి చూశారా అని అడగడం ఇంకా అలవాటు కాలేదు.

తెరిచి చూడని నకలు ఎంత విలువ చేస్తుందో గిట్‌ల్యాబ్ అనే సంస్థకు 2017 జనవరి 31 రాత్రి తెలిసింది. అలసిపోయిన ఇంజనీర్ ఒకరు తప్పు సర్వర్ మీద చెరిపేసే ఆదేశం ఇచ్చాడు. కంగారు లేదు, బ్యాకప్ పద్ధతులు ఐదున్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. డేటాబేస్ నకలు తీసే ప్రోగ్రాం వెర్షన్ కుదరక ఎప్పటినుంచో విఫలమవుతోంది. నకళ్లు ఉండాల్సిన చోటు ఖాళీ. విఫలమైనట్టు చెప్పే మెయిళ్లు కూడా దారిలోనే తిరస్కరణకు గురయ్యాయి. అదే ఇంజనీర్ వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ వల్ల సంస్థ బతికింది. ఆ సంస్థను ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. ఏది ఎందుకు పనిచేయలేదో అరమరికల్లేకుండా లోకానికి చెప్పింది.

మన దగ్గర ఆ పని చేసే నోరేది? ‘సర్వర్ డౌన్’ అని అట్టముక్క మీద రాసి కౌంటర్‌కు తగిలిస్తే అన్నీ మాఫీ. రిజిస్ట్రేషన్‌కు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి ఆ అట్ట చూసి, వర్షం పడింది అన్నంత సహజంగా వెనుదిరుగుతాడు. ఎవరి సర్వర్, ఎందుకు డౌన్, ఏమైనా పోయిందా అని అడిగే హక్కు తనకుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1బి, తెలంగాణలో పహాణీ, రెండుచోట్లా దస్తావేజులు, పింఛన్ల జాబితాలు, రేషన్ కార్డులు - బతుకంతా డిస్కుల్లోకి ఎక్కింది. కాగితం మీద ఉన్న రోజుల్లో కరణం రాతల్లో మాయలు తక్కువేం కాదు. అయినా ఒక కట్టుబాటుండేది. ఏటా జమాబందీ జరిగేది. పై అధికారి వచ్చి కూర్చుంటే గ్రామ లెక్కలన్నీ ముందు పెట్టి, తప్పు ఒప్పు తేల్చి, సంతకం పెట్టించుకోవాలి. డిస్కులు వచ్చాక ఆ తంతు వెనకబడింది, లెక్క మాత్రం వెయ్యింతలైంది.

కాబట్టి డేటాకు జమాబందీ పెట్టాలి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ప్రతి శాఖకూ ఏటా ఒక వారం కేటాయించాలి. ఆ వారంలో అసలు సర్వర్‌తో సంబంధం లేని ఖాళీ యంత్రం మీద బ్యాకప్ నుంచి మొత్తం వ్యవస్థను లేపాలి. శాఖకు చెందని మనిషి తనకు తోచిన నూరు రికార్డులు ఎంచి, అసలుతో సరిపోల్చాలి. ఎన్ని దొరికాయి, ఎన్ని గంటలు పట్టింది, ఏది దొరకలేదు అన్నది శాఖాధిపతి సంతకంతో ప్రచురించాలి. ఐటీ విభాగం సంతకం చాలదు. ఏ సమాచారానికి నకలు తీయడం లేదో ఆ జాబితా కూడా అందులో ఉండాలి. మూసిన హెచ్చరికలు ఎన్ని, ఎవరు మూశారు అన్నదీ ఉండాలి. డిస్కులు కొనే టెండర్‌లో తిరిగి లేపి చూపించే పరీక్షకు డబ్బు వేరుగా రాయాలి. ఆ పరీక్ష పాస్ కానిదే తుది బిల్లు చెల్లించకూడదు. డిస్కు పోయిందని కిందిస్థాయి ఉద్యోగిని సస్పెండ్ చేసే పాత అలవాటు మానాలి. బ్యాకప్‌కు అడిగిన డబ్బు కొట్టేసినవారి పేరు ఫైల్లో ఉంటుంది, అక్కడికి వెళ్లాలి.

ఇందులో రహస్యమేమీ లేదు, భద్రత పేరుతో దాచడానికి వీల్లేదు. ఆస్ట్రేలియా పన్నుల శాఖ ప్రచురించింది, ఆకాశం విరిగిపడలేదు.

మా సంగతి కూడా చెప్పి ముగిస్తాం. గత నెల రెండో ఆదివారం మా సర్వర్‌ను పక్కన పెట్టి, నకలు నుంచి పాత సంచికలను వేరే యంత్రం మీదికి తెచ్చాం. మూడు గంటల్లో అవుతుందన్నారు. పదకొండు గంటలు పట్టింది. నూరు పేజీలు అడిగితే తొంభై ఆరు తెరుచుకున్నాయి. తెరుచుకోని నాలుగింటి జాబితా మెట్ల కింద గది తలుపుకు అంటించి ఉంది.